ఇంటి చాయ్‌కి ఏ పొడి కొనాలి?

హైదరాబాద్‌లో ఇంటి చాయ్ కుదరకపోతే తప్పంతా ప్యాకెట్‌దే అనుకుంటారు. బ్రాండు మారుస్తారు. నెల తిరిగేసరికి అదీ నచ్చక ఇంకొకటి తెస్తారు. నిజానికి కప్పులోని రుచిని తేల్చేవి నాలుగు సంగతులు: పొడి ఎంత సన్నగా ఉంది, ఆ ఆకు ఎక్కడ పండింది, మీ కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయి, మీరు ఏ పాలు పోసి ఎంతసేపు కాస్తున్నారు. బ్రాండు పేరు వీటన్నిటి తర్వాతే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. పాలు పోసి కాచుకునే మామూలు ఇంటికి అస్సాం సీటీసీ గింజ పొడి (యంత్రంలో నలిపి చిన్న గుళికలుగా చేసిన తేయాకు) మొదటి ఎంపిక. రంగు, చిక్కదనం ఇంకాస్త కావాలనుకుంటే అందులో నాలుగో వంతు డస్ట్, అంటే అన్నిటికన్నా సన్నని పొడి, కలుపుకోవచ్చు. పాలు లేని చాయ్ లేదా సులేమానీ తాగే అలవాటుంటే దానికి విడిగా ఒక చిన్న నీలగిరి ఆర్థడాక్స్ (ఆకును అంతగా చిదమకుండా చేసిన రకం) ప్యాకెట్ ఉంచుకోండి. డార్జిలింగ్‌ను మాత్రం పాలతో కాచవద్దు. డబ్బూ పోతుంది, పరిమళమూ పోతుంది.

డస్టా, గింజ పొడా?

మనం రోజూ తాగే పొడి దాదాపు అంతా సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) పద్ధతిలో తయారైనదే. వాడ్చిన ఆకును పళ్లున్న ఉక్కు రోలర్ల మధ్య వేసి నలిపి, చించి, చిన్న గుళికల్లా చుట్టుకుపోయేలా చేస్తారు. 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. ఆకు పూర్తిగా చితికిపోతుంది కాబట్టి దాని రసానికి గాలి బాగా తగిలి రంగు, బలం పెరుగుతాయి. వేడి నీళ్లలో పడగానే ఆ రెండూ చకచకా దిగుతాయి. పాలనూ పంచదారనూ తట్టుకుని నిలబడే చాయ్ ఇలాగే వస్తుంది. ఆర్థడాక్స్ పద్ధతిలో ఆకును అంతగా చిదమరు, మెలితిప్పి ఆరబెడతారు. అందులో పరిమళం ఎక్కువ, గాఢత తక్కువ.

సీటీసీ పొడి తయారయ్యాక జల్లెడలు పట్టి వేరు చేస్తారు. పెద్ద గింజలకు బీఓపీ, బీపీ అని, అంతకన్నా చిన్నవాటికి ఓఎఫ్, పీఎఫ్ అని, అన్నిటికన్నా సన్నగా ఉండేవాటికి పీడీ, డీ అని గుర్తులు. ఈ చివరివే డస్ట్ రకాలు. డస్ట్ అంటే ఫ్యాక్టరీలో నేల ఊడ్చిన చెత్త అని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. అదే ఆకు, అదే రోజు, అదే యంత్రంలోంచి వచ్చిన సన్న పొడి అది. మంచి తోట డస్ట్ నాసిరకం తోట గింజకన్నా ఎన్నో రెట్లు మేలు.

డస్ట్ గొప్పతనం వేగం. మరిగే నీళ్లలో వేసిన నిమిషం, నిమిషంన్నరకే రంగంతా దిగుతుంది. కొద్ది పొడితో ఎక్కువ కప్పులు వస్తాయి. పిల్లల స్కూలు బస్సు వేళకు, ఇంటి నిండా చుట్టాలున్న రోజున దీన్ని మించింది లేదు. దక్షిణాదిలో డస్ట్‌కు ఇంత ఆదరణ ఊరికే రాలేదు. చిక్కటి పాలు, దండిగా పంచదార, చిన్న కప్పు మన అలవాటు. అన్ని పాలలోంచి కూడా చాయ్ రుచి పైకి తేలాలంటే పొడికి బలం ఉండాలి.

దాని లోపం కూడా ఆ వేగంలోనే ఉంది. డస్ట్ వేశాక మూడో నిమిషం దాటితే వగరు, అయిదో నిమిషానికి నాలుక పీక్కుపోయే చేదు. మధ్యలో ఎవరైనా తలుపు తట్టారంటే ఆ పూట చాయ్ చెడినట్లే. మామూలు వడపోత కన్నాల్లోంచి జారి కప్పు అడుగున మడ్డిలా పేరుకుంటుంది కూడా. సన్నని జాలి ఉన్న వడపోత గానీ పలచని నూలు గుడ్డ గానీ లేకుండా డస్ట్ కొనకండి. గిన్నె పొయ్యి మీద పెట్టి వేరే పని చూసుకునే ఇంటికి డస్ట్ పనికిరాదని నేను గట్టిగా చెబుతాను.

గింజ పొడి నింపాదిగా దిగుతుంది. మూడు నాలుగు నిమిషాలు కావాలి, కానీ నిమిషం అటూ ఇటూ అయినా రుచి పాడవదు. వడకట్టడం తేలిక. అల్లం, యాలకుల వాసనను అణచివేయకుండా పక్కన నిలుస్తుంది. డస్ట్‌కు అలవాటుపడినవారు గింజ పొడికి మారినప్పుడు మొదటి వారం ఒకటే ఫిర్యాదు చేస్తారు, రంగు రాలేదని. రంగు కోసం ఇంకో చెంచా వేస్తారు. అలా వేయకుండా ఇంకో నిమిషం ఆగి చూడండి.

దుకాణంలో కనిపించే పేర్లను ఈ లెక్కన చూస్తే అయోమయం తగ్గుతుంది. టాటా వారి జెమిని, చక్రా గోల్డ్ డస్ట్ రకాలుగా మన వైపు బాగా తెలిసినవి. గుజరాత్ నుంచి వచ్చిన వాఘ్ బక్రీ గింజ పొడిగా పేరు తెచ్చుకుంది. టాటా టీ గోల్డ్‌లో సీటీసీ గింజలకు తోడు కొంత పొడవాటి ఆకు కలుపుతారు. ఆ ఆకు పరిమళం కోసం. పొడి వేసి మూతపెట్టి దింపేస్తే ఆ తేడా తెలుస్తుంది. గలగలా పది నిమిషాలు మరిగించేవారు దానికి అదనంగా డబ్బు పెట్టడం దండగ. రెడ్ లేబుల్ వంటి కొన్ని పేర్లతో డస్ట్, లీఫ్ (గింజ పొడి) రెండూ వస్తాయి. ప్యాకెట్ రంగు చూసి బుట్టలో వేసుకోకుండా, అది డస్టో లీఫో చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది చదవండి. కిందటి నెల బాగున్న చాయ్ ఈ నెల బాగాలేదంటే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అస్సాం, నీలగిరి, డార్జిలింగ్

అస్సాం ఆకు బ్రహ్మపుత్ర లోయలో పండుతుంది. పల్లపు నేల, వేడి, విపరీతమైన వాన. ఆకు పెద్దది, రసం గాఢమైనది. కప్పులో ఎర్రటి రంగు, నోటి నిండా నిలిచే బరువు, వేయించిన ధాన్యం వాసనను తలపించే రుచి దీని గుర్తులు. మే, జూన్ నెలల్లో వచ్చే రెండో కోత అన్నిటికన్నా శ్రేష్ఠం. వానకాలపు కోతలో దిగుబడి ఎక్కువ, గుణం తక్కువ. చలికాలంలో అక్కడి తోటల్లో కోత ఆగిపోతుంది. పెద్ద కంపెనీలు వేర్వేరు తోటల, వేర్వేరు కోతల సరుకు కలిపి ఏడాదంతా ఒకే రుచి ఉండేలా చూస్తాయి. అందుకే ప్యాకెట్ పొడిలో హెచ్చుతగ్గులు పెద్దగా కనిపించవు, విడి పొడిలో కనిపిస్తాయి.

మంచి అస్సాం పొడికి ఇంకో లక్షణం ఉంది. పాలు పోయకుండా గాఢంగా తీసిన డికాక్షన్‌ను గ్లాసులో అలాగే వదిలేస్తే, చల్లారేకొద్దీ మసకబారి మట్టి నీళ్లలా కనిపిస్తుంది. కల్తీ అని భయపడి పారబోసేవారున్నారు. అది కల్తీ కాదు. చాయ్‌కి చురుకుదనాన్నిచ్చే పదార్థాలు కెఫీన్‌తో కలిసి చల్లదనానికి విడిపోవడం వల్ల అలా అవుతుంది. మళ్లీ వేడి చేస్తే తేటపడుతుంది. తేయాకు పరీక్షించేవారు దాన్ని గాఢమైన పొడికి గుర్తుగానే చూస్తారు.

నీలగిరి కొండల్లో ఏడాది పొడవునా కోత సాగుతుంది. కూనూరులో వేలం జరుగుతుంది. ఈ చాయ్‌కి పూల వాసన, మెరిసే నారింజ రంగు ఉంటాయి. బరువు తక్కువ. చిక్కటి గేదె పాలు పోస్తే ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. కానీ పాలు లేకుండా తాగితే దీనికి సాటి వచ్చేది మన ధరల్లో ఇంకొకటి లేదు. చల్లార్చినా తేటగానే ఉంటుంది కాబట్టి మే నెల ఎండల్లో నిమ్మకాయ పిండి ఐస్ వేసుకునే చాయ్‌కి అస్సాం కన్నా ఇదే నయం. డార్జిలింగ్ సంగతి వేరు. 2004లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు అది. దాని ధరకు తగిన రుచి దక్కాలంటే మరిగించకుండా వేడి నీళ్లు పోసి, మూతపెట్టి, మూడు నిమిషాల తర్వాత వడకట్టి, ఏమీ కలపకుండా తాగాలి. రోజూ తాగే ఇంటి చాయ్‌లో దానికి చోటు లేదు.

నీళ్ల సంగతి పట్టించుకోకపోతే ఏ పొడీ కుదరదు

ఈ నగరంలో చాయ్ గురించి చెబుతూ నీళ్ల ఊసెత్తకపోవడం అన్యాయం. జలమండలి సరఫరా చేసే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు ఒక రకం. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఇంకో రకం. వేసవిలో ట్యాంకర్ తెచ్చే నీళ్లు ఎక్కడివో ట్యాంకర్ వారికే తెలియాలి. చాలా అపార్ట్‌మెంట్లలో ఇవన్నీ ఒకే తొట్టిలో కలుస్తాయి. వాటి మీద ఆర్‌ఓ యంత్రం. ఒకే ప్యాకెట్ పొడి తార్నాకలో అక్క ఇంట్లో అమృతంలా, మియాపూర్‌లో మీ ఇంట్లో గోధుమరంగు కషాయంలా ఉండటానికి కారణం ఎక్కువసార్లు ఈ నీళ్లే.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అందులోని కాల్షియం, బైకార్బనేట్లు తేయాకు రసంతో కలిసి పైన తెట్టులాంటి పలుచని పొరను కడతాయి. కప్పు గోడలకు వదలకుండా పట్టే గోధుమరంగు వలయం అదే. రంగు ముదిరినట్లు కనిపిస్తుంది, రుచి మాత్రం మొద్దుబారుతుంది. పాలు లేని చాయ్‌లో ఈ పొర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండగానే పొర చెదిరి, రంగు లేతబడి, చాయ్ మెరుస్తుంది. సులేమానీ ఎలాంటి నీళ్లలోనైనా అందంగా కనిపించడానికి ఆ నిమ్మకాయే కారణం.

ఆర్‌ఓ నీళ్ల తీరు దీనికి తలకిందులు. లవణాలు దాదాపు పోయిన నీళ్లలో పొడి త్వరగా, పదునుగా దిగుతుంది. బోరు నీళ్లకు వేసినంత పొడి దీనికి వేస్తే వగరు తప్పదు. ఆర్‌ఓ నీళ్లు వాడేవారు పొడిని ఓ పావు వంతు తగ్గించి చూడండి. లేదా డస్ట్ మానేసి గింజ పొడికి మారండి. బోరు నీళ్లు తప్పనివారికి నీలగిరి మీద డబ్బు పెట్టడం వృథా, గాఢమైన అస్సాం పొడే శరణ్యం. నల్లా నీళ్లు వచ్చే ఇల్లయితే అదృష్టం. మరగబెట్టి వడకట్టిన నది నీళ్లు చాయ్‌కి చక్కగా ఒదుగుతాయి. పొద్దున కాచి కెటిల్‌లో మిగిలిన నీళ్లనే మళ్లీ మళ్లీ మరిగించకుండా ప్రతిసారీ కొత్త నీళ్లు తీసుకోండి.

పొడి మార్చే ముందు ఒక పూట నీళ్ల సీసా కొని, ఇంట్లో ఉన్న పొడితోనే చాయ్ పెట్టి చూడండి. తేడా తెలిసిందంటే మీరు వెతుకుతున్న జవాబు కిరాణా కొట్టులో లేదు.

పాలు

టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. డబుల్ టోన్డ్‌లో 1.5 శాతమే. పాలలోని ప్రోటీన్ తేయాకు వగరును పట్టుకుని మెత్తబరుస్తుంది, వెన్న నోటికి నునుపునిస్తుంది. కాబట్టి ఫుల్ క్రీమ్ వాడే ఇంటికి బలమైన పొడి కావాలి, డస్ట్ కలిపిన మిశ్రమం అక్కడ నప్పుతుంది. టోన్డ్ పాలకు గింజ పొడి చాలు. డబుల్ టోన్డ్ పాలకు డస్ట్ వేస్తే వగరు బయటపడి గొంతు గీరుతుంది. డాక్టర్ చెప్పారని పాలు మార్చిన ఇళ్లలో చాయ్ చెడిపోవడం నేను చాలాసార్లు చూశాను. పాలు మారినప్పుడు పొడి కూడా మారాలి. ఈ సంగతి పెద్దవాళ్లకు ఎవరూ చెప్పరు, వాళ్లు ఆ రుచిలేని చాయ్‌నే మౌనంగా తాగుతారు.

వరుస కూడా ముఖ్యమే. నీళ్లలో పొడి వేసి డికాక్షన్ దిగాక పాలు పోయండి. మొదటే పాలు, నీళ్లు కలిపి అందులో పొడి వేస్తే రసం సరిగా దిగదు. అప్పుడు పొడి నాసిరకమనుకుంటారు. అల్లం వేసేవారు దాన్ని నీళ్లతో పాటే మరిగించాలి. పచ్చి అల్లంలో పాలను విరిచే గుణం ఉంది, బాగా మరిగితే అది పోతుంది. బెల్లం వేసుకునేవారు పొయ్యి ఆపేశాక, గిన్నె వేడి కాస్త తగ్గాక కలపాలి.

ధర ఎంత తేడా చేస్తుంది?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. కప్పుకు రెండు గ్రాముల పొడి, 75 మిల్లీలీటర్ల పాలు అనుకుందాం. పాలు లీటరు 60 రూపాయలనుకుంటే కప్పులో పాల ఖర్చు నాలుగున్నర రూపాయలు. కిలో 400 రూపాయల పొడి అయితే కప్పుకు 80 పైసలు. కిలో 700 రూపాయల పొడి అయినా 1 రూపాయి 40 పైసలే. నలుగురున్న ఇంట్లో మనిషికి రెండు కప్పుల చొప్పున నెలకు దాదాపు అర కిలో పొడి అవుతుంది. పాలు 18 లీటర్లు, వెయ్యి రూపాయల పైమాట. చౌక పొడికీ మంచి పొడికీ తేడా నెలకు నూట యాభై లోపు.

వెయ్యి రూపాయల పాలు పోసి, నూట యాభై మిగులుతాయని నాసిరకం పొడి వేయడం నాకు ఎప్పుడూ సమంజసంగా అనిపించదు. ఆదా చేయాలంటే పొడి దగ్గర కాదు. అనవసరంగా ఎక్కువ చాయ్ పెట్టి చల్లారాక పారబోసే అలవాటు దగ్గర చేయండి. అయితే ఒక ధర దాటాక పాల చాయ్‌లో ఫలితం కనిపించదు. అందమైన డబ్బాల్లో వచ్చే వెయ్యి, పదిహేను వందల రూపాయల పొడులు పాలు లేకుండా తాగేవారి కోసం. పాలు, పంచదార, అల్లం పడ్డాక వాటి సున్నితత్వం కనిపించదు.

విడి పొడి కొనవచ్చా?

బేగంబజార్‌లోనూ సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనూ విడిగా తూచి ఇచ్చే దుకాణాలున్నాయి. మంచి దుకాణదారు దొరికితే అంతకన్నా భాగ్యం లేదు. మీరు చెప్పిన పాళ్లలో గింజ, డస్ట్ కలిపి ఇస్తాడు, చేతిలో వేసి చూపిస్తాడు, ఏ కోతదో చెబుతాడు. ప్యాకెట్ కంపెనీలు ఈ సౌకర్యం ఇవ్వలేవు. నమ్మకం లేని చోట మాత్రం విడి పొడి జోలికి పోవద్దు. వాడి పారేసిన టీ పొడిని ఎండబెట్టి, రంగు అద్ది మళ్లీ అమ్మే మోసం ఈ సరుకులో పాతదే. మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకు ఎవరైనా ఇస్తున్నారంటే అనుమానించండి.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. వడపోత కాగితం మీద చిటికెడు పొడి పరిచి, నీళ్లు చిలకరించి, కాసేపయ్యాక పొడి తీసేసి కాగితాన్ని కుళాయి కింద కడగండి. వెలుతురుకు ఎత్తి చూస్తే శుద్ధమైన పొడి మరకలు మిగల్చదు. రంగు అద్దిన పొడి మరకలు వదులుతుంది. ఇంకోసారి పొడిని పళ్లెంలో పరిచి అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. ప్యాకెట్ అయితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, ప్యాక్ చేసిన తేదీ రెండూ చూడండి. ఆరు నెలలు దాటిన ప్యాకెట్‌ను అరలో వెనక్కి నెట్టి కొత్తది అడగడానికి మొహమాటం అక్కరలేదు.

రెండు పొడులను పక్కపక్కన పెట్టి చూడటం

ఎవరి మాటా వినకుండా మీ నాలుకే తీర్పు చెప్పాలంటే ఒక పద్ధతి ఉంది. తేయాకు పరీక్షకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 ప్రకారం వంద మిల్లీలీటర్ల నీళ్లకు రెండు గ్రాముల పొడి, ఆరు నిమిషాలు. ఇంట్లో సీటీసీ పొడికి మూడు నాలుగు నిమిషాలు పెట్టుకున్నా సరిపోతుంది, రెండింటికీ ఒకే సమయం ఉండటమే ముఖ్యం.

ముందు పొడిని తెల్ల పళ్లెంలో పరచండి. మంచి సీటీసీ నల్లగా, కాస్త గోధుమ ఛాయతో, మెరుపుతో ఉంటుంది, గింజలన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. బూడిదరంగు తిరిగి ఉంటే పాతబడిందని గానీ రాపిడికి గురైందని గానీ అర్థం. లేత గోధుమరంగు పీచు పుల్లలు ఎక్కువగా కనిపిస్తే ముదురు కాడలు పడ్డాయన్నమాట. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని, సమానంగా పొడి వేసి, ఒకేసారి కాగిన నీళ్లు పోసి మూతలు పెట్టండి. వడకట్టాక జాలిలో మిగిలిన తడి పిప్పిని చూడండి, ఎక్కువమంది దీన్ని చూడకుండానే పారేస్తారు. అది కొత్త రాగి చెంబు రంగులో మెరుస్తుంటే పొడి బాగా తయారైనట్లు. మొద్దుగా, నల్లగా, లేదా పచ్చిగా కనిపిస్తే ఆకు రసం గాలి తగిలి పులియడంలోనో ఆరబెట్టడంలోనో లోపం జరిగింది.

డికాక్షన్‌ను పాలు లేకుండా ఒక గుక్క తాగండి. చురుక్కుమనే వగరు మంచిదే, అది వెంటనే పోవాలి. నాలుక మీద పట్టుకుని వేలాడే చేదు మంచిది కాదు. ఆ తర్వాత రెండు గ్లాసుల్లో చెరో రెండు చెంచాల పాలు పోయండి. ఒకటి ఎర్రటి బంగారు రంగుకు తిరిగి, ఇంకొకటి బూడిద కలిసిన గోధుమ రంగుకు తిరిగిందంటే మీ ఎంపిక అయిపోయింది. చల్లారేదాకా ఆగి ఇంకోసారి తాగి చూడండి. వేడిలో దాగిన లోపాలు అప్పుడు బయటపడతాయి.

ఇరానీ చాయ్ ఇంట్లో

చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ దగ్గరో, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్ దగ్గరో తాగిన రుచి ఇంట్లో రావాలని అందరికీ ఉంటుంది. ఆ పేరుతో పొడి ప్యాకెట్లు కూడా వచ్చాయి, నీలోఫర్ కేఫ్ వారు తమ పొడి తామే అమ్ముతున్నారు. కొనండి, తప్పులేదు. అయితే ఆ రుచిలో పొడి వాటా సగమే. మిగతా సగం పద్ధతిది. అక్కడ డికాక్షన్‌ను మూత బిగించి దమ్ మీద ఉంచుతారు. పాలను వేరే పాత్రలో చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో చేయాలంటే మందపాటి గిన్నెలో గింజ పొడి, నీళ్లు, పంచదార వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. పక్కన ఫుల్ క్రీమ్ పాలు నాలుగింట మూడొంతులయ్యేదాకా కాచండి. అంతసేపు దమ్ మీద ఉంచడానికి డస్ట్ పనికిరాదు, చేదెక్కుతుంది. ఆదివారానికి ఈ చాయ్ బాగుంటుంది. రోజూ పొద్దున్న ఇంత తతంగం ఎవరి వల్లా కాదు, దాని కోసం రోజువారీ పొడిని ఎంచుకోనూ వద్దు.

మిగతా రకాలు

టీ బ్యాగులు ప్రయాణాలకు, ఆఫీసుకు సరే. అందులో ఉండేది సన్న పొడే కాబట్టి ఇంట్లో గిన్నె, వడపోత ఉన్నవారికి దానివల్ల లాభం లేదు. పాలపొడి, పంచదార కలిపి వచ్చే ప్రీమిక్స్‌లను ఇంటి చాయ్‌గా నేను లెక్కలోకి తీసుకోను. తీపిని తగ్గించుకునే వీలు కూడా లేకుండా చేస్తాయవి. గ్రీన్ టీ తాగాలనుకుంటే కాగిన నీళ్లను రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి పోయండి. గ్రీన్ టీ చేదని మానేసినవారిలో ఎక్కువమంది దాన్ని మరిగించినవారే.

ఏ పొడి ఎంచుకున్నా ఎప్పుడు తాగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని చెప్పింది. తేయాకు వగరు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. బిర్యానీ మీద వెంటనే సులేమానీ తాగే ఆచారం మనకు ఎంత ప్రియమైనదైనా, రోజువారీ భోజనానికి దాన్ని అలవాటు చేసుకోకూడదు. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదన్నది ఆ సంస్థ సూచన. ఒక కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని కూడా చెప్పింది. డస్ట్‌తో గాఢంగా పెట్టుకునేవారు పై అంకెనే లెక్కలోకి తీసుకోవడం మంచిది.

కొన్నాక

తేయాకు చుట్టుపక్కల వాసనలన్నిటినీ పీల్చుకుంటుంది. మసాలా డబ్బా పక్కన, ఇంగువ ఉన్న అరలో పెట్టిన పొడి వారంలో ఆ వాసనే కొడుతుంది. పొయ్యి పైనున్న అర ఇంకా చెడ్డది, వేడి, ఆవిరి రెండూ తగులుతాయి. గాజు సీసా చూడటానికి బాగుంటుంది గానీ వెలుతురు తగిలితే పొడి వన్నె తగ్గుతుంది. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, తడి లేని చెంచా, పొయ్యికి దూరంగా ఉన్న అర. ఇంతే కావలసింది. వానకాలంలో మూత తెరిచి ఉంచి పాలు పొంగకుండా చూడటానికి వెళ్లకండి.

నెలకు అర కిలో పట్టే ఇంటికైనా పావు కిలో ప్యాకెట్లే తెచ్చుకోవాలని నా సలహా. కిలో ప్యాకెట్ మీద మిగిలే కొద్ది రూపాయలకన్నా, రెండో నెలలో పోయే పరిమళం విలువ ఎక్కువ. కొత్త రకం ప్రయత్నించేటప్పుడు వంద గ్రాములు చాలు. ఆ వంద గ్రాములనూ పాత పొడిలో కలిపేయకుండా, వేరే డబ్బాలో పోసి, కనీసం వారం పాటు అదే నీళ్లతో, అదే పాలతో కాచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకు ముందుగా చెప్పకుండా ఇచ్చి, రెండో కప్పు అడుగుతారేమో గమనించండి.